గేటు ముందు కుర్చీ

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. ఫోన్‌లో అయితే గొంతులో తెలిసిపోతుంది కాబట్టి నేనూ ఉత్తరమే రాస్తున్నాను.

మన ఫుట్‌బాల్ జట్టు మీ ఊరికి మారినప్పటి నుంచి ఆట రోజున ఆ గోలకి కునుకు పట్టడం లేదనీ, ఎవరెవరో మీ గేటుకి అడ్డంగా కార్లు పెట్టేసి పోతున్నారనీ పేజీ నిండా గోడు వెళ్లబోసుకున్నావు. పెళ్లయినప్పటి నుంచీ స్టేడియం గోడ పక్కన కాపురం చేస్తున్నదాన్ని, నాకు చెబుతున్నావా? మా ఇంటికొస్తే చెవుల్లో దూది పెట్టుకుని కూర్చునేదానివి. ఇప్పుడేమో గోల్‌కీపర్ మీ పక్కింట్లో అద్దెకి దిగాడని మూడుసార్లు రాశావు. అది కూడా కష్టాల్లోకే వస్తుందా?

ఇక్కడ స్టేడియానికి తాళం వేశారు. వీధిలో సగం ఇళ్లకి టు-లెట్ బోర్డులే. మూలమీది టీ కొట్టాయన కూడా మీ ఊరికే వచ్చేశాడట. అతని చేతి టీ కూడా ఇక మీకే రాసిపెట్టి ఉంది. ఎదురింట్లో మిక్సీ వేస్తే మేం ఉలిక్కిపడుతున్నాం. మీ బావ మాత్రం ఆదివారం వస్తే చాలు, ఎవరూ కారు పెట్టకుండా గేటు ముందు కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంటారు. ఒక్క కారూ రాదు. చీకటి పడ్డాక కుర్చీ నేనే లోపల పెడతాను.

నాకు కుళ్లని మీ ఆయన అన్నాడట. అననీ.

ఒక్క పని చేసి పెట్టు. ఈ ఆదివారం గోల్ పడగానే నాకు ఫోన్ చేసి, ఆ ఫోన్‌ని మీ కిటికీలో పెట్టు. నువ్వేమీ మాట్లాడకు. మీ బావకి ఆ గోల వినాలని ఉంది. ఆ వేళకి ఆయన గేటు దగ్గరే ఉంటారు. అయినా సరే, చెయ్యి.

అక్క