అవసరం పేజీ, కోరిక పేజీ

ఆగస్టు 1, ఉదయం 6:40
పటమటలో ఇంట్లోనే మంగళగిరి చీరలు అమ్ముకునే జహీదా అనే నేను ప్రమాణం చేస్తున్నాను. ఐదేళ్ల ఫోన్ మార్చాలా వద్దా అని పదిహేను రోజులు ఆలోచిస్తాను. నోట్‌బుక్కులో ఎడమ పేజీ ‘అవసరం’. కుడి పేజీ ‘కోరిక’. అవసరాలు పది వస్తేనే కొంటాను. అంతవరకూ ఫోన్ల షాపు ముందు నుంచి కూడా నడవను!

ఆగస్టు 2
అవసరం: సున్నా. ఫోన్ బంగారం. ఫోటోల్లో రంగు కాస్త అటూ ఇటూ వస్తుంది, అయినా ఇంతవరకూ ఎవరూ ఒక్క మాట అనలేదు. వాట్సాప్‌లో చూసి మైలవరం సుబ్బరత్నం గారు ఎప్పటిలాగే రెండు చీరలు తీసుకున్నారు.

ఆగస్టు 4, ఉ. 11:15
ఛార్జింగ్ అప్పుడే అయిపోయింది. అవసరం: ఒకటి.
మంచి కెమెరా. కోరిక: ఒకటి.
మ. 3:00. కెమెరా లేనిదే వ్యాపారం లేదు. కోరికలో కొట్టేసి అవసరంలో రాశాను.

ఆగస్టు 5
కుడి పేజీ నిండా కొట్టివేతలే ఉన్నాయేమిటని మా అమ్మాయి ఆఫ్రీన్ అడిగింది. దానికి వ్యాపారం తెలియదు.
షాపు ముందు నుంచి నడవలేదు. ఆటోలో వెళ్లాను.

ఆగస్టు 6
అవసరం: తొమ్మిది. పదోది ఎంతకీ తట్టడం లేదు.
సా. 5:30. పదోది: ఇంకా తొమ్మిది రోజులు ఇలాగే ఆలోచిస్తే ఆరోగ్యం పాడవుతుంది.
7:10. కొన్నాను. పాతది ఆఫ్రీన్‌కి ఇచ్చేశాను.

ఆగస్టు 7
ఫోటోలో చీర, చేతిలో చీర, ఒకటే రంగు! సుబ్బరత్నం గారి మేనకోడలికి పదో తారీఖున నిశ్చితార్థం. మేనత్తగా ఆవిడే చీర పెట్టాలి. ఫోటోలోని నీలం చీర పంపమన్నారు. వెంటనే పంపాను.

ఆగస్టు 9, ఉ. 10:20
సుబ్బరత్నం గారి ఫోన్.
“నీలం పంపావేంటమ్మా?”
నీలమే అడిగారు కదండీ అన్నాను.
“నీ ఫోటోలో నీలమంటే వంకాయ రంగేగా! ఐదేళ్ల నుంచీ అట్టాగే కొంటున్నాం. పిల్ల వంకాయ రంగే కావాలని కూర్చుంది. రేపు నా పరువేం కాను?”
నా ఎరుపంటే ఇటుక రంగట. నా పసుపంటే గంధం రంగట. వాట్సాప్ గ్రూపులో కొనేవాళ్లందరికీ తెలుసు, నాకు తప్ప. సిగ్గేసింది. ఆవిడ ఇంక నా దగ్గర కొనరేమోనని భయమేసింది.
11:30. వంకాయ రంగు చీర సంచీలో పెట్టుకుని నేనే మైలవరం బస్సెక్కాను.
మ. 1:45. మేనకోడలు చీర భుజాన వేసుకుని అద్దం దగ్గర నుంచి కదల్లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. సుబ్బరత్నం గారు కాఫీ ఇచ్చి, కొత్త ఫోన్ అటూ ఇటూ తిప్పి చూశారు.
“బాగుంది. చీరలు మాత్రం పాతదాంతోనే తియ్యమ్మా.”

ఆగస్టు 10, ఉదయం 6:40
రాత్రి పాత ఫోన్ తిరిగి ఇమ్మంటే, బదులుగా కొత్తది కావాలంది ఆఫ్రీన్. ఇచ్చాను. నోట్‌బుక్కులో కొత్త పేజీ తీశాను. ఈసారి ముప్పై రోజులు. అవసరం: సున్నా.
6:55. రాత్రంతా ఛార్జింగ్ పెట్టినా పదకొండు శాతమే ఎక్కింది. అవసరం: ఒకటి.