రీలు అయ్యేదాకా

సోమవారం, ఉదయం
ఇవాళ్టి నుంచి మారిపోతాను!
మా అమ్మాయి చిట్టి పోయాక నేను మనిషిని మనిషిలా లేనని అందరూ అంటున్నారు. ఆసుపత్రిలో ఓదార్పు మాటలు చెప్పే మేడం ఒక ఉపాయం చెప్పింది. వాడి పారేసే కెమెరా కొనుక్కుని, రోజుకొక మంచి విషయాన్ని ఫోటో తీయాలట. ఫోన్ అయితే తీసి చెరిపేస్తారట, ఇందులో చెరపడం కుదరదట. రీలు అయ్యేసరికి మనసు తేలికపడుతుందట.
మా ఆయన వెంటనే అందుకున్నారు. "అయితే రీలు అయిన రోజే చిట్టి గది ఖాళీ చేద్దాం."
సరేనన్నాను. నోరు జారడం అంటే ఇదే.
ఖాళీ చేసిన గది మా మరిదికట. రెండు రోజులుండి పోతానని వచ్చినవాడు, చలికాలం నుంచి ముందుగదిలో గుర్రుపెడుతున్నాడు.

సాయంత్రం
కెమెరాల కొట్టుకి మరిది తోడొచ్చాడు. ఫ్లాష్ ఉన్నవి, లేనివి, నీళ్ళలో తడిసినా పాడవనివి. అన్నీ సబ్బుల్లా పేర్చి ఉన్నాయి.
"ఇరవై ఏడు ఫోటోలది చాలు వదినా. చేతికి బరువుండదు."
"అన్నిటికంటే ఎక్కువ పట్టేది ఏదయ్యా?" అని కొట్టు అతన్ని అడిగాను.
ముప్ఫై తొమ్మిది పట్టేది ఇచ్చాడు. ఫ్లాష్ లేదు, వెలుతురు లేకపోతే ఫోటో రాదన్నాడు. మరీ మంచిది.
"తీసిన ప్రతిసారీ ఈ చక్రం ఆగేదాకా తిప్పాలమ్మా. లేకపోతే మీట పడదు. అయిపోయాక డబ్బాతో సహా మాకిచ్చేయాలి."
"డబ్బా తిరిగివ్వరా?"
"వాడి పారేసేదే కదమ్మా."
సంచిలో వేయబుద్ధి కాలేదు. ఇంటిదాకా చేత్తోనే పట్టుకొచ్చాను.

మంగళవారం
మంచి విషయాలు: కుళాయిలో నీళ్ళు వచ్చాయి. పాలు పొంగిపోలేదు. రెండూ తీశాను! చక్రం కిర్రుమంటుంటే ఎంత బాగుందో! రోజుకొకటే అన్నారు గానీ, ఉత్సాహం ఆగితేనా!

బుధవారం
ఎండలో పిల్లి. ఆరేసిన దుప్పటి. ఇంతలో మరిది తయారు. "నన్నొకటి తీయి వదినా. ఇటు నుంచొకటి. నవ్వుతూ ఇంకొకటి." మంచి విషయమని కాదు గానీ, అడ్డం నిలబడ్డాడు కదా అని తీశాను.
ఆయన డబ్బా మీద అంకె చూసి, "ఈ లెక్కన తొందరగానే అయిపోతుంది" అన్నారు. మెచ్చుకుంటూనే అన్నారు. కెమెరా తీసుకెళ్ళి పిండి డబ్బాలో దాచాను.

శుక్రవారం
మబ్బు. తీయలేదు.

శనివారం
మబ్బు లేదు. ఎండ మరీ ఎక్కువ. ఫోటో వెలిసిపోతుందేమో. తీయలేదు.

ఆదివారం
మంచి విషయం కోసం బయల్దేరాను. మరిది ఎదురొచ్చాడు. తిరిగొచ్చేశాను.

బుధవారం, మధ్యాహ్నం
చిట్టి గదిలో కూర్చున్నాను. చిట్టి కళ్ళద్దాల కొట్టులో పనిచేసేది. కంటి పరీక్ష అట్ట ఒకటి తెచ్చి గోడకి తగిలించి, నా చూపు చూస్తానంది. తీరా చూస్తే నాకు అక్షరాలే రావు. ఇక ఆ అట్ట మీదే నేర్పింది. "చదువమ్మా, అదేం నిన్ను మింగదు" అనేది.
ఆ గోడని ఫోటో తీద్దామని కెమెరా ఎత్తాను. నొక్కితే అంకె తగ్గుతుంది. దించేశాను.

శుక్రవారం
ఘోరం! పిండి డబ్బాలో దాచిన కెమెరా సోఫా కింద దొరికింది. ముప్ఫై దాటి ఉన్న అంకె ఒకటికి దిగిపోయింది!
"జేబులో పెట్టుకుంటే పొరపాటున నొక్కుకుపోయింది వదినా."
"ఒకటి నొక్కుకుంటుంది. ప్రతిసారీ చక్రం కూడా నీ జేబే తిప్పిందా?"
"నీ మేలు కోరే కదా..."
"నా మేలు కోరడానికి నీకు మంచం కావాలా నాయనా?"
ఆయన మధ్యలోకొచ్చారు. "మాటంటే మాటే. ఆ ఒక్కటీ తీసెయ్. రేపు మంచం విప్పేస్తాను."

శనివారం, ఉదయం
ఆ ఒక్కటీ తీయలేదు. ఆయన ఆగలేదు. పానా పట్టుకుని గదిలోకి వెళ్ళారు. మరిది పక్కబట్టలు చుట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నేను ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నాను, కళ్ళెందుకు తడిగా ఉన్నాయని ఎవరూ అడగరని.
లోపల్నుంచి ఎంతసేపటికీ చప్పుడు లేదు. చివరికి బయటికొచ్చారు.
"బోల్టులు తుప్పుపట్టాయి. రావట్లేదు."
ఆ మంచం కొన్నది పోయినేడు. బోల్టులు ఇంకా తళతళలాడుతున్నాయి. మంచినీళ్ళిచ్చాను.

సాయంత్రం
ఆయన కెమెరా అడిగి తీసుకున్నారు. నావైపు తిప్పి, ఆ చివరిది నొక్కేశారు. డబ్బా పట్టుకుని కొట్టుకి వెళ్ళిపోయారు. మరిది అప్పుడే దిండు గదిలోకి చేరవేశాడు.
చీకటి పడకముందే ఆయన తిరిగొచ్చారు. చేతిలో ఇంకో కెమెరా!
"అది కడిగి ఇవ్వడానికి రోజులు పడుతుందట. అందాకా నీకు తోచదు కదా."
"అన్నయ్యా, మరి గది?"
"రీలు అయ్యాక అనుకున్నాం కదరా."
"అయిపోయింది కదా!"
"ఇది కాలేదుగా."

ఆదివారం
మళ్ళీ మొదలు! రోజుకొక మంచి ఫోటో. ఈసారి తప్పేది లేదు!
మిట్టమధ్యాహ్నం, ఎండ నిప్పులు చెరుగుతుంటే కెమెరా పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. ఆయన వెనకే వచ్చారు. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశంలోకి చూశారు.
"మబ్బు పట్టేలా ఉంది. ఇవాళ్టికి వద్దులే" అన్నారు.