గైడ్ వస్తోందట

రాయ్‌పూర్,
జూలై 8, 2018

పెద్దక్క ఎస్తేరుకు తమ్ముడు శామ్సన్ బోసినోటి వందనాలు.

ఫోన్లో నీకు వినపడదు, నేను మాట్లాడితే ఎవరికీ అర్థం కాదు. అందుకే మళ్ళీ ఉత్తరాల్లోకి దిగాను. కింది దవడ ఎముక అరిగిపోయి కట్టుడు పళ్ళకు పట్టు లేకుండా పోయిందక్కా. పోయిన ఆదివారం గుడిలో ప్రార్థన చేస్తుంటే సరిగ్గా "ఆమేన్" దగ్గర కింది సెట్టు జారి పాస్టరమ్మగారి ఒళ్ళో పడింది. ఆ రోజు నుంచి నలుగురిలో నోరు విప్పడం మానేశాను. ఊరి పక్క బీర్‌గావ్‌లో మన తెలుగువాళ్ళ ఇళ్ళకు కూడా వెళ్ళడం లేదు. చిన్నప్పుడు నువ్వు చెరుకు తొక్క పళ్ళతో ఒలిచి ముక్కలు నా చేతిలో పెట్టేదానివి. కలలో కూడా అవే నములుతున్నాను.

ఇక్కడ డాక్టర్ నీలిమ అని తెలుగమ్మాయే ఉంది. ఎముకలోకి ఇంప్లాంట్లని మరమేకుల్లాంటివి దింపి, వాటి మీద పళ్ళు నిలబెడతానంది. ఎముక బాగా తక్కువ కాబట్టి గైడ్ లేకుండా మాత్రం చెయ్యి పెట్టనని ఖండితంగా చెప్పేసింది. నీతో మళ్ళీ కడుపు నిండా మాట్లాడాలని ఉందక్కా. బస్, అంతే నా కోరిక.

నీ శామ్సన్

తా.క.: ఇక్కడ ఠేఠ్రీ అని మన జంతికల్లాంటివి చేస్తారు. నమల్లేనని కోడలు వాటిని పాలలో నానబెట్టి పెట్టింది. జీవితం మీదే విరక్తి పుట్టింది.

నరసాపురం,
జూలై 17

పళ్ళతో పాటు తెలివి కూడా రాల్చుకున్న తమ్ముడికి అక్క దీవెనలు.

బడిలో ఇన్నేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. గైడ్ పట్టుకుని పాసైనవాళ్ళ సంగతి నాకు తెలీదా? ఆ డాక్టరమ్మ గైడ్ చూసుకుంటూ ఆపరేషన్ చేస్తుందా? ఆవిడ పేజీ తిప్పేలోపు నీ నోరేం కావాలి? నా క్లాసులో దొరికిన గైడ్లు పొయ్యిలో పెట్టించేదాన్ని. మర్యాదగా వేరే డాక్టర్ని చూసుకో.

నీతో మాట్లాడాలని నాకు మాత్రం ఉండదా? చెవి మిషన్ పెట్టించుకోమని మనవరాలు జెస్సీ పోరుతూనే ఉంది. డెబ్బై ఆరేళ్ళకే ముసలిదానిలా కనపడటం నాకిష్టం లేదు.

అక్క

తా.క.: బైబిల్లో నీ పేరున్న వీరుడు గాడిద దవడ ఎముకతో వెయ్యిమందిని కొట్టాడని నాన్న మురిసిపోయి నీకా పేరు పెట్టాడు. నువ్వేమో సొంత దవడే నిలబెట్టుకోలేకపోయావు.

రాయ్‌పూర్,
జూలై 26

ఇంకా బెత్తం దించని అక్కకు వందనాలు.

గైడ్ అంటే పుస్తకం కాదు, నీ టీచరు బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు. నాగపూర్ నుంచి వస్తోంది. ఇక్కణ్ణుంచి నా ఫొటోలు పంపితే, వాటిని చూసి నాకు తగ్గట్టుగా తయారవుతోంది. అతికినట్టు సరిపోతుందట. ఆపరేషన్ అవుతున్నంతసేపూ నన్ను అంటిపెట్టుకునే ఉంటుంది. దవడ లోపల నరం ఉందని, దానికి దెబ్బ తగిలితే పెదవి మొద్దుబారిపోతుందని విన్నాక నాకు నిద్ర పట్టలేదు. గైడ్ వస్తోందని తెలిశాక ధైర్యం వచ్చింది. నీ మరదలు పోయాక నాకింత ధైర్యం ఎప్పుడూ లేదు. పని కాగానే వదిలించుకుంటారట గానీ, నాకైతే ఇంట్లోనే ఉంచుకోవాలని ఉంది.

నీ శామ్సన్

తా.క.: మొదట్లో కాస్త బిగువుగా ఉంటుందట. సర్దుకుంటుందిలెమ్మంది డాక్టరమ్మ.

నరసాపురం,
ఆగస్టు 4

వంశం పరువు తీయడానికి బయల్దేరిన శామ్సన్‌కు.

దీవెనలు ఆపేశాను. డెబ్బై దాటాక ఇదేం బుద్ధిరా నీకు? ఫొటో చూసి, తయారై, రైలెక్కి వస్తోందా? అతికినట్టు సరిపోతుందా? మా మరదలి సమాధికి వేసిన సున్నం ఇంకా వెలవనేలేదు. పైగా పని కాగానే వదిలించుకుంటారా? ఎవరు కన్న బిడ్డో, ఆ ఉసురు ఊరికే పోతుందా? నీతో నాకు మాటలనవసరం. ఆ గైడ్ గారితోనే నేరుగా తేల్చుకుంటాను.

ఎస్తేరు

తా.క.: ఆవిడకి తెలుగు వచ్చా? రాకపోతే హిందీలో నాలుగు తిట్లు తెలుగు అక్షరాల్లో రాసి పంపు.

రాయ్‌పూర్,
ఆగస్టు 14

కోపిష్టి అక్కకు కుట్లు నొప్పెట్టేలా నవ్విన తమ్ముడి వందనాలు.

అరే, గైడ్ మనిషి కాదక్కా! అరచేతిలో పట్టే ప్లాస్టిక్ అచ్చు. వర్క్‌షాపులో రేకుకు బెజ్జాలు వేసేముందు మేము పైన చిల్లుల పలక పెట్టుకునేవాళ్ళం, అలాంటిదే. చిగుళ్ళ మీద దాన్ని కూర్చోబెట్టి, ఆ చిల్లుల్లోంచే ఇంప్లాంట్లు దింపారు. నరం జోలికి పోలేదు, పెదవి చక్కగా కదులుతోంది. ఎముక వాటిని పట్టుకోవడానికి కొన్ని నెలలు పడుతుంది. ఆ తర్వాతే పళ్ళు.

కానీ నిన్న క్లినిక్‌కి ఎవరో పెద్దావిడ ఫోన్ చేసి గైడ్‌ను పిలవమందట. "గైడ్ పని అయిపోయిందండీ, డబ్బాలో పెట్టి ఇచ్చేశాం" అని వాళ్ళు చెప్తే కెవ్వుమందట. సాయంత్రం నాకూ ఫోనొచ్చింది. "ఎస్తేరక్కా, నువ్వేనా?" అన్నాను. అవతల ఏడుపు వినపడింది, అంతలో లైను కట్టయింది. నా మాట అంత అసహ్యంగా ఉందా అక్కా? చాలా బాధేసింది. పళ్ళు పెట్టేదాకా ఇక ఫోన్ ఎత్తను.

నీ శామ్సన్

తా.క.: గైడ్ ఇంట్లోనే ఉంది. కోడలు సబ్బుపెట్టె అనుకుని బాత్‌రూములో పెట్టింది.

నరసాపురం,
ఆగస్టు 23

నా చిట్టి తమ్ముడికి అక్క ముద్దులు.

ఆ గైడ్‌ను దులిపేద్దామన్న కోపంతోనే జెస్సీని వెంటబెట్టుకు వెళ్ళి చెవి మిషన్ పెట్టించుకున్నాను. జెస్సీ వెతికిచ్చిన క్లినిక్ నంబరుకు చేస్తే, వాళ్ళు డబ్బాలో పెట్టామనేసరికి నా పైప్రాణం పైనే పోయింది. ఆ కంగారులోనే నీకు చేశాను.

నాకు వినపడింది నీ గొంతు కాదురా, నాన్న గొంతు. చివరి రోజుల్లో నాన్నకు ఒక్క పన్ను లేదు. నువ్వప్పటికే రాయ్‌పూర్‌లో ఉద్యోగంలో ఉన్నావు, నీకు తెలీదు. వరండాలో మంచం మీంచి "ఎత్తేరూ, గ్లాతులో నీల్లు" అని పిలిచేవాడు. నేను విసుక్కుంటూ వెళ్ళేదాన్ని. ఇన్నేళ్ళకు నువ్వు అచ్చం అలాగే "ఎత్తేరక్కా" అనేసరికి ఏడుపొచ్చి పెట్టేశాను.

పళ్ళు పెట్టించుకో, నేను వద్దనను. అవి పెట్టేలోపు మాత్రం రోజూ ఫోన్ చెయ్యి. నా చెవి ఇప్పుడు బాగానే ఉంది. సిగ్గుపడకు నాన్నా. అక్కా అని కూడా అనక్కర్లేదు, ఎత్తేరూ అని పిలువు చాలు.

ఎత్తేరు

తా.క.: ఎముక గట్టిపడటానికి అంత తొందరేమీ లేదని డాక్టరమ్మతో చెప్పు.