అడుగున మూసిన చిల్లులు

విశాఖపట్నం,
శనివారం సాయంత్రం.

నాన్నకు, అమ్మకు నమస్కారాలతో మీ సత్యశ్రీ రాస్తున్నది. నేనిక్కడ బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను, జలుబు కూడా తగ్గింది. నర్సీపట్నంలో మీరిద్దరూ కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను. లేకపోతే దాచకుండా రాయి. దాచిపెట్టడంలో మన ఇంట్లో ఎవరికి ఎవరూ తీసిపోరు.

అమ్మను మోకాలి పట్టీ పగలంతా ఉంచుకోమను. పూజకు కూర్చునేటప్పుడు తీసి, ఎక్కడ పెట్టిందో మరిచిపోయి, డాక్టరు మందు పనిచేయలేదంటుంది. జీడితోటలో ఆరు చెట్లు ఒరిగాయని రాశావు. వేళ్లు సగమైనా మట్టిలో ఉన్నవాటిని నరికించకు. కొమ్మలు తగ్గించి, ఎత్తి కట్టి చూడు. మిగతావి ఎటూ పోయేవే.

ఇక నువ్వు రెండు ఉత్తరాల్లో అడిగితే నేను రెండుసార్లూ దాటేసిన మాట. మన మెషిన్లు తుఫానుకు నిలబడ్డాయా అని అడిగావు. నిలబడ్డాయి నాన్నా, కానీ పనిచేయడం లేదు. బీచ్ రోడ్డు పొడవునా పెట్టిన పద్నాలుగు పార్కింగ్ మెషిన్లలో పదమూడు పోయాయి. వేసవిలో వచ్చినప్పుడు నువ్వు చెయ్యి వేసి ఫోటో దిగింది కూడా పోయింది. కారు ఆపినవాళ్లు అందులో నాణేలు వేసో, ఫోన్ చూపించో టికెట్ తీసుకునేవారు. ఇప్పుడు తలుపు తెరిస్తే లోపలి బోర్డులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి.

మూడు వారాలుగా వాటిని మార్చే పనిలోనే ఉన్నాను. ఉప్పుగాలికి బోల్టులు బిగుసుకుపోయి ఒక పట్టాన రావు. మొదటి రోజు ఒక్క బోల్టుతో గంటన్నర కుస్తీ పట్టాను. నా అరచేతులు చూస్తే అమ్మ ఏడుస్తుంది. నువ్వైతే స్పానర్ పట్టుకోవడం ఇంకా రాలేదంటావు. కొత్తవాటికి సిమెంటు దిమ్మలు రెండడుగులు ఎత్తు చేయించాను. నిన్నటికి నాలుగు నిలబెట్టేశాం. నెలాఖరుకు అన్నీ పూర్తి చేస్తానని మాటిచ్చాను, చేస్తాను.

ఇక్కడ కార్ల దగ్గర కాపలా ఉండే జోగులు బాబాయ్ గురించి నీకు చెప్పాలి. కృష్ణదేవిపేట మనిషి, యాభై దాటాయి. తుఫాను వచ్చే ముందు మెషిన్లకు టార్పాలిన్లు కట్టే పని ఆయనకు అప్పగించారు. సరిగా కట్టలేదు కాబట్టే మెషిన్లు పాడయ్యాయని మా కంపెనీ రిపోర్టు రాసింది. ఈ నెలతో ఆయన్ని మానిపించేస్తారట. ఆయనేమీ గొడవ చేయలేదు. తాళ్లు కోసుకుపోయిన చేతులు నా ముందు చాపి, "నాను కట్టినాను తల్లీ. గాలొట్టుకుపోతే నానేటి సేసేది? ఎవులికి సెప్పను?" అన్నాడు.

నేను పానా తీసుకుని అవతలికి వెళ్లిపోయాను. ఎందుకో చెబుతాను. చివరిదాకా చదువు.

పాత మెషిన్ల అడుగున చిటికెన వేలు పట్టేంత చిల్లులు రెండేసి ఉండేవి. వేసవిలో వాటిలోంచి చీమలు దూరి టికెట్ అచ్చువేసే భాగాన్ని పాడుచేశాయి. నీ దగ్గర ఏం చూశాను నేను? చెరకు తోటల్లో మోటారు స్టార్టర్ డబ్బాకు చీమ గానీ బల్లి గానీ దూరకుండా ప్రతి చిల్లూ మైనంతో మూసేవాడివి. నేనూ అలాగే సిలికాన్ ట్యూబు పట్టుకుని వరసగా మూసుకుంటూ పోయాను. ఎవరినీ అడగలేదు. అడగడం నామోషీ అనుకున్నాను. పద్నాలుగో మెషిన్ దగ్గరికి వచ్చేసరికి ట్యూబు అయిపోయింది.

తుఫాను తర్వాత తలుపులు తెరిస్తే పదమూడింటిలో జానెడు లోతు ఉప్పునీళ్లు నిలిచి ఉన్నాయి. పద్నాలుగోది శుభ్రంగా టికెట్ ఇచ్చింది. పైనుంచి నీళ్లు దానిలోకీ దిగాయి, కానీ అడుగు చిల్లుల్లోంచి బయటికి పోయాయి. నీళ్లు పోవడానికే ఆ చిల్లులు పెట్టారు నాన్నా. ఆ రోజే నాకు అంతా అర్థమైంది. అయినా మూడు వారాలు నోరు మూసుకుని తిరిగాను. సిగ్గుగా ఉంది.

గురువారం మా ఇంజనీరు ఉమామహేశ్వరరావు గారికి చెప్పేశాను. ఆయన చెడ్డవాడు కాదు. తలుపు దగ్గరికి వేసి, రిపోర్టు పైకి వెళ్లిపోయిందని, ఇప్పుడు నోరు విప్పితే ఉద్యోగం పోతుందని నచ్చజెప్పాడు. "జోగులుకి ఇంకెక్కడైనా పని దొరుకుద్దమ్మా. నీకు ఇలాటి పని మళ్లీ దొరకదు" అన్నాడు.

ఆ రెండో మాట నిజమే. ఆడపిల్లవు నీకెందుకని అందరూ అన్న పని ఇది. కానీ ఆ చేతులు చూశాక ఊరుకోలేకపోయాను. నిన్న సాయంత్రం జరిగిందంతా రెండు పేజీలు రాసి, సంతకం పెట్టి, పెద్ద ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాను. సోమవారం పదింటికి రమ్మన్నారు.

ఈ రోజు ఐదో మెషిన్ బిగించాం. దీనికి చిల్లులు మూయలేదు. టీ వడగట్టే స్టీలు జల్లెడ కొని, దాని జాలీ కత్తిరించి లోపలివైపు అతికించాను. చీమ రాదు, నీరు ఆగదు. ఉద్యోగం ఉంటే మిగతావాటికీ నేనే పెడతాను. పోతే వచ్చేవాళ్లకు చూపించి పోతాను. జోగులు బాబాయ్‌కి విషయం ఎలాగో తెలిసింది. పని అయ్యేదాకా దీపం పట్టుకుని నిలబడి, "మరి నీకేటవుద్ది తల్లీ?" అని ఒక్క మాట అడిగాడు. తెలియదని చెప్పాను.

నువ్వు నేర్పింది పొలానికి సరైనదే. సముద్రం పక్కన నిలబడి ఆలోచించాల్సింది నేను. ఫోన్‌లో అయితే నా మాట నీకు సగమే వినిపిస్తుంది. వినిపించిన ఆ సగానికే నువ్వు మొదటి బస్సెక్కి, ఆ ఆఫీసుకు వచ్చి, దానికి నేర్పింది నేనే, తప్పు నాదే అని చేతులు కట్టుకుని నిలబడతావు. ఆ పని నిన్ను చేయనివ్వను. అందుకే ఈ ఉత్తరం సోమవారం ఆఫీసు లోపలికి వెళ్లే ముందు పోస్టు డబ్బాలో వేస్తాను. నీ చేతికి అందేసరికి, చెప్పాల్సింది నేను చెప్పేసి ఉంటాను.

ఇట్లు,
నీ కూతురు
సత్యశ్రీ