మందు అనే మాట

జూన్ 3, సోమవారం

ఫారాలన్నీ వచ్చేశాయి. పదకొండు వందల ఇరవై ఆరు. అన్నీ హైస్కూలు పిల్లలవి. పేర్లు లేవు, నంబర్లే. వాళ్ళ జవాబులు కంప్యూటర్‌కి మేపితే ఎవరు ఏ వయసులో మొదటిసారి తాగుతారో ముందే చెబుతుందట. ముందే తెలిస్తే ముందే ఆపొచ్చని మా మేడమ్ ఆశ. మా ఆయనకి పద్నాలుగేళ్ళప్పుడు ఎవరైనా ఇలా లెక్క కట్టి ఉంటే! సరే, ఆయన గురించి రాయడానికి కాదు కూర్చున్నది.

నా పని డేటా క్లీనింగ్. అంటే చెత్త ఏరడం. వయసు దగ్గర 200 అని రాసేవాళ్ళుంటారు, ‘మీకెందుకు’ అని రాసేవాళ్ళుంటారు. బియ్యంలో రాళ్ళేరినట్టు వాళ్ళని ఏరి పక్కన పెట్టాలి.

జూన్ 5, బుధవారం

కొంప మునిగింది.

పద్నాలుగో ప్రశ్న: ‘నువ్వు మొదటిసారి మందు తాగినప్పుడు నీ వయసెంత?’ జవాబులు చూస్తే రెండు, మూడు, ఐదు. ఒక మహానుభావుడు ‘పుట్టగానే’ అని రాశాడు. పగలబడి నవ్వాను. నవ్వుతూ ఉండగానే వెలిగింది. వీళ్ళు చెబుతున్నది దగ్గు మందు గురించి!

తప్పు నాదే. మేడమ్ శుభ్రంగా ‘మద్యం’ అని రాసుకొచ్చింది. ఆ పుస్తకాల భాష పిల్లలకి ఎక్కడ ఎక్కుతుంది మేడమ్, అందరూ అనేది మందే అని పట్టుబట్టి మార్పించింది నేను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఏం చేద్దామని ప్రోగ్రామర్ అడిగాడు. పదేళ్ళలోపు వయసు రాసినవాళ్ళంతా సిరప్ బాపతే, వాళ్ళని ‘ఇంకా తాగలేదు’లోకి మార్చేయమన్నాను. నలభై ఒక్కమంది. రిపోర్టుకి టైమ్ లేదని మేడమ్ కూడా ఊ అంది. ఐదు నిమిషాల్లో అయిపోయింది.

జూన్ 11, మంగళవారం

చేయకూడని పని చేశాను.

మా అమ్మాయి పిట్ట వాళ్ళ స్కూలు కూడా ఈ స్టడీలో ఉంది. అమ్మగా నేను సంతకం పెట్టిన కాగితం మీద స్టిక్కర్ చూశాను. 0417. మర్చిపోదామంటే మర్చిపోలేకపోయాను. లంచ్‌కి అందరూ లేచాక ఆ నంబరు కొట్టాను.

మొదటిసారి తాగేది పదహారేళ్ళ ఎనిమిది నెలలకట.

పిట్టకి మొన్ననే పద్నాలుగు నిండాయి. ఇంకా రెండున్నరేళ్ళు నా చేతిలో ఉన్నాయి. రెండున్నరేళ్ళలో ఏమైనా చేయొచ్చు. కూర్చోబెట్టి మాట్లాడొచ్చు, ఇల్లు మారొచ్చు, ఉద్యోగం మానేసి దాని వెనకే తిరగొచ్చు. బాత్రూమ్‌లోకి వెళ్ళి ట్యాప్ తిప్పి ఏడ్చాను. సంతోషంతోనే.

జూన్ 12, బుధవారం

పిట్టకి జ్వరం. సెలవు పెట్టాను. సిరప్ ఇస్తే ఎప్పటిలాగే సీసా లాక్కుని లేబుల్ మొత్తం చదివింది. అందులో ఏమున్నాయో, ఎంతెంత ఉన్నాయో, తేదీతో సహా. మూడు నాలుగేళ్ళుగా ఇదే తంతు. డాక్టరమ్మగారూ, పర్మిషన్ ఇస్తారా అని ఏడిపించాను. నవ్వలేదు.

జూన్ 13, గురువారం, ఉదయం

జ్వరం తగ్గింది. కాస్త నవ్విద్దామని మందు ప్రశ్న కథ చెప్పాను. ‘పుట్టగానే’ అన్నవాడి సంగతి కూడా చెప్పాను. దాని మొహంలో నవ్వు లేదు. చిన్న వయసు రాసినవాళ్ళని ఏం చేశావని అడిగింది. తాగలేదని మార్చేశానన్నాను.

“నేను ఏడని రాశానమ్మా. నేను పొరబడలేదు.”

రెండో క్లాసులో ఉన్నప్పుడట. ఒళ్ళు కాలిపోతోంది, నేను ఆఫీసులో ఉన్నాను, ఆయన మంచం మీద ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నాడు. టేబుల్ మీద సీసా ఉంది. నాన్నకి ఒంట్లో బాగోలేదు, మందు తాగుతున్నారు, గొడవ చేయకు అని దానికి రోజూ చెప్పింది నేనే. అంత చిన్నదానికి ఇంకేం చెప్పను? స్టీలు గ్లాసులో పోసుకుని ముక్కు మూసుకుని తాగిందట. గొంతు మండితే, మంచి మందు అలాగే ఉంటుందనుకుందట. నిద్ర పట్టింది. లేచేసరికి జ్వరం తగ్గింది. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు జ్వరమొస్తే మళ్ళీ అదే చేసిందట. ఐదో క్లాసులో తాగుడు గురించిన పాఠంలో ఆ సీసా బొమ్మ చూశాక గానీ అర్థం కాలేదట. ఆయన పోయింది ఆ ఏడాదే.

దానికి ఎనిమిదో తొమ్మిదో ఉన్నప్పుడు, అన్నం దగ్గర కూర్చుని ఒకసారి నన్ను అడిగింది. “అంత మందు తాగినా నాన్నకి ఎందుకు తగ్గట్లేదమ్మా?”

ముందు తిను అన్నాను.

జూన్ 13, మధ్యాహ్నం

సీసా ముట్టుకోలేదు. అయినా పోసింది నేనే.

జూన్ 17, సోమవారం

మేడమ్‌కి అంతా చెప్పేశాను, దొంగచాటుగా నంబరు చూసిన సంగతితో సహా. తిడుతుందనుకున్నాను. మంచినీళ్ళు ఇచ్చింది. తిట్టి ఉంటేనే బాగుండేది. నలభై ఒక్కమందినీ మళ్ళీ అడగాల్సిందే అంది. ఈసారి మాట కూడా మార్చాం. ‘మద్యం (బీరు, బ్రాందీ లాంటివి)’ అని ఉంటుంది, కింద ‘ఎవరిచ్చారు?’ అని ఇంకో ప్రశ్న. మీ పిల్ల ఫారం వేరేవాళ్ళు ఎంటర్ చేస్తారులే అంది. వద్దు, తీసేసింది నేను, పెట్టేదీ నేనే అన్నాను.

ప్రోగ్రామర్ 0417 దగ్గర ఏడు వేసి మళ్ళీ నడిపాడు. ఏమీ రాలేదు. జరిగిపోయినదాన్ని అది ఊహించదు మేడమ్ అని మెల్లగా నాకు చెప్పాడు. నా రెండున్నరేళ్ళూ గాలికి పోయాయి. అసలు ఎప్పుడున్నాయని!

జూన్ 22, శనివారం

ఈ రోజు అన్నం దగ్గర పిట్టని అడిగాను, ఆ తర్వాత ఎప్పుడైనా ముట్టుకున్నావా అని. లేదంది. నమ్మాను. ఎందుకు నమ్మకూడదు? ఈ ఇంట్లో అబద్ధాలాడింది అది కాదు. అందుకేనమ్మా లేబుళ్ళు చదివేది అంది, ఏదో చిన్న విషయంలాగా. నేను డాక్టరమ్మా డాక్టరమ్మా అని ఎన్నిసార్లు ఆటపట్టించానో! సిగ్గుతో చచ్చిపోయాను.

నాన్న తాగుతున్నాడని ఉన్న మాట చెప్పి ఉండాల్సింది, తప్పు నాది అన్నాను. కంచంలోకి చూస్తూ కూర్చున్నాను. పిట్ట ఆ కంచాన్ని నా దగ్గరికి జరిపింది.

“ముందు తినమ్మా.”

జూలై 4, గురువారం

నలభై ఒకటీ తిరిగొచ్చాయి. ముప్ఫై మూడు సిరప్పే. మిగతా ఎనిమిది కాదు.

0417. వయసు: ఏడు. ఎవరిచ్చారు: ‘ఎవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను’ దగ్గర టిక్ పెట్టింది. టిక్ గట్టిగా పెట్టింది, కాగితం వెనక అచ్చు పడింది.

తప్పు జవాబు. ఈసారి దిద్దలేదు. ఉన్నదున్నట్టు ఎంటర్ చేశాను.