పరాయి అడవి వాసన

17-11-74, ఆదివారం

మాదాపూర్ రాళ్లల్లోకి వెళ్లాం. ఆయన ఇటలీలో మొక్కల ట్రైనింగు ముగించుకుని వచ్చాక ఇదే మొదలు. మూసాపేట నుంచి పొద్దున్నే నడక. డబ్బాలో పులిహోర, భుజాన సంచి, ఆకులు అద్దడానికి పాత పేపర్లు... అన్నీ ఎప్పటిలాగే. మనిషే కాదు.

తంగేడు విరగబూసింది. చూపిస్తే "ఊఁ" అన్నారు. ఇక అక్కడి అడవి సంగతి మొదలు. సముద్రం ఒడ్డునే కొండలట, నిలువెత్తు పొదలట, అడుగు వేస్తే కాలి కింద ఆకు నలిగి గుప్పుమంటుందట. అడవిపందులు తొక్కిందే దారట, వంగి దూరాలట. వంగి దూరడం నాకేం కొత్త? ఈ పరికి పొదల ముళ్లలో ఎన్ని చీరలు చింపుకున్నానో ఆయన ఏనాడైనా చూశారా?

దుర్గం చెరువు పైన బండ మీద కూర్చున్నాం. పెళ్లయిన కొత్తల నుంచీ మాకో ఆట. నేను ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టాలి, ఆయన కళ్లు మూసుకుని పేరు చెప్పాలి. చాలా రోజులైందని పెట్టాను. కుక్కతులసి. చెప్పేశారు. చెప్పి, నవ్వుతూ—

"లూచియా కూడా ఇలాగే పెట్టేది. నేనే నేర్పా."

లూచియా ట్రైనింగులో ఆయనకు అడవి చూపించిన అమ్మాయి. ఉత్తరాల్లో పేరు వచ్చింది. ఆట సంగతి రాలేదు.

ఇంటికొచ్చేదాకా నేను పది అడుగులు వెనకే నడిచాను. ఆయన గమనించనూ లేదు.

19, మంగళవారం

అసూయే. ఇంకో పేరెందుకు? ఒళ్లంతా కారం రాసుకున్నట్టుంది.

20, బుధవారం

ఆఫీసు నుంచి రాగానే పెట్టెలోంచి పొట్లం తీయడం. ఆ అడవి ఆకులే, ఎండినవి. పరిశోధనకు తెచ్చినవన్నీ ఆఫీసులో ఇచ్చేశారు, ఇవి ఊరికే తెచ్చుకున్నవట. విప్పి వాసన చూస్తారు, మళ్లీ కడతారు. కాఫీ చల్లారిపోతుంది.

వచ్చి నెల కావస్తోంది. రాత్రయితే పుస్తకం. పక్కన మనిషి ఉందని ఒక్కసారైనా... ఇక రాయను.

మార్చిలో మళ్లీ ఇటలీకి రమ్మంటున్నారట, ఏడాదికి. "ఏం చెయ్యమంటావు?" అని నన్నే అడిగారు. మీ ఇష్టం అన్నాను. ఎంత పతివ్రతనో!

22, శుక్రవారం

తలంటు. ఇంటి ఓనరమ్మ యాదమ్మ కుంపట్లో నిప్పులిచ్చింది. చూస్తే సాంబ్రాణి అయిపోయింది. ఉన్నా ఇదే చేసేదాన్నేమో. పొట్లం విప్పి నిప్పుల మీద వేశాను... పీడా పోతుందని. సగం వేశాక చెయ్యి ఆగింది.

కుంపటి మీద బుట్ట బోర్లించి దాని మీద జుట్టు ఆరబోసుకుని కూర్చున్నాను. తగలెయ్యాలనుకున్నదాన్ని తలకు పట్టించుకోవడం ఏం తెలివో నాకే తెలియదు. యాదమ్మ వాకిట్లోంచే ముక్కెగబీల్చింది. "ఏందమ్మా గీ వాసన? మంచిగున్నది. జర నాగ్గూడ ఇయ్యరాదు."

సాయంత్రం ఆయన వచ్చారు. గుమ్మంలోనే ఆగారు. సంచి కింద పెట్టి, వెనకగా వచ్చి, నా జుట్టులో ముఖం పెట్టారు. చాలాసేపు. "సుశీలా" అన్నారు. పేరు నాదే. కళ్లు మూసుకున్నారని తిరిగి చూడకుండానే తెలిసింది.

సంతోషం వేసింది. ఏడుపూ వచ్చింది. రెండూ దాచుకుని అన్నం వడ్డించాను.

23, శనివారం

పొద్దున పొట్లం విప్పారు. సగమే ఉంది. నా వంక చూసి, మళ్లీ కట్టి, పెట్టెలో పెట్టేశారు.

ఎండిన ఆకునైనా వాసనతో పట్టే మనిషి. నిన్న ఆయనకు తెలియలేదంటే నమ్మనా?

24, ఆదివారం

మాదాపూర్ వెళ్దామా అన్నారు. తలనొప్పి అన్నాను. ఆగిపోతారనుకున్నాను. వెళ్లారు.

26, మంగళవారం

జుట్టులో వాసన పోయింది. ఆయన మళ్లీ పుస్తకం పక్కన చేరారు.

27, బుధవారం

యాదమ్మతో కొంచెం చెప్పుకున్నాను, ఆ అమ్మాయి పేరెత్తకుండా. పప్పు చెరుగుతూ విన్నది. "ఇంట్ల ఉన్నడా లేదా, గది సూడు. మనసుల ఏం సోంచాయిస్తుండో నీకెందుకు ఫికర్?"

ఇంట్లోనే ఉన్నారు. అదే కదా నా బాధ.

29, శుక్రవారం

మార్చి సంగతి ఇవాళ ఆఫీసులో చెప్పాలట... రేపటికి వాయిదా అడుగుతానని వెళ్లారు. ఎందుకు వాయిదా? నేను వద్దంటాననా? అనమనా?

తలంటుకున్నాను. కొత్త సాంబ్రాణి కొన్నాను, గూట్లో ఉంది. పెట్టెలో ఆ సగం పొట్లం కూడా ఉంది, సగం పోయిందని చూశాక కూడా తాళం వెయ్యలేదు. మరిచిపోయి కాదు.

ఆ ఆకు వేస్తే దగ్గరికి వస్తారు, ఎవరి దగ్గరికో. సాంబ్రాణి వేస్తే రానే రారేమో. ఆ ఆకే మళ్లీ వేస్తే మాత్రం, ఈసారి ఏమవుతుందో తెలిసే వేశానని ఆయనకూ తెలుస్తుంది.

జుట్టు నీళ్లు కారి పేజీ తడుస్తోంది. యాదమ్మ రెండోసారి పిలిచింది, నిప్పులు ఆరిపోతున్నాయని.