దువ్వెన గుర్తు

మార్చి 3, సాయంత్రం

పార్టీ టికెట్ల లిస్టు వచ్చింది.

లాండ్రీ షట్టర్ సగం దించి ముగ్గురం టీవీ ముందు కూర్చున్నాం. నేను, అత్తయ్య, ఆయన. జిల్లా తర్వాత జిల్లా పేర్లు వేసుకుంటూ పోతున్నారు. మా జిల్లా వచ్చేసరికి అత్తయ్య కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకుంది. మా సీటు దగ్గర ఆయన పేరు లేదు. ట్యాంకరయ్య పేరుంది.

ట్యాంకరయ్య నిన్నటిదాకా అవతలి పార్టీ. నిన్న పొద్దున ఇటు దూకాడు, ఇవాళ టికెట్. మా పేటకి వాటర్ ట్యాంక్ కట్టిన కాంట్రాక్టర్ ఈయనే. కట్టిన ఏడాదికే పగుళ్ళు. అందులో చుక్క నిలవదు. నిలవదు కాబట్టి వీధి వీధికీ ట్యాంకర్లు తిరగాలి. ఆ ట్యాంకర్లూ ఈయనవే. అందుకే ఆ పేరు.

వాటికి అడ్డంగా కూర్చున్నందుకే కదా మా ఆయన కాలు విరిగింది. డ్రైవర్ ఆపకుండా పోనిచ్చాడు. ఇప్పటికీ గోడ పట్టుకోకుండా మెట్లెక్కలేరు. పార్టీ అప్పుడు పెద్ద మీటింగ్ పెట్టి, కట్టుతో ఉన్న మనిషిని స్టేజీ ఎక్కించి, వచ్చేసారి ఈ సీటు ఈయనదే అని మైకులో చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆయన రిమోట్ తీసుకుని సౌండ్ తగ్గించారు. పైవాళ్ళు ఏదో ఆలోచించే చేసుంటారు అన్నారు.

అంతే. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మార్చి 4

వంట చెయ్యలేదు. ఎవరూ అడగలేదు.

మార్చి 6

ట్యాంకరయ్య ఇంటికొచ్చాడు. వెనక పదిమంది, ముందు కెమెరా.

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ట్యాంకరయ్య అదే కుర్చీలో కూర్చున్నాడు. తమ్ముడూ, పాతవి మనసులో పెట్టుకోకు, రాజకీయాల్లో ఇవన్నీ మామూలే అన్నాడు. కాలు ఎలా ఉందని అడిగాడు. పెట్రోల్ బంకులో గాలి చూశావా అన్నట్టు అడిగాడు. ఈయన బాగానే ఉందన్నారు.

తర్వాత నా వైపు తిరిగి, చెల్లెమ్మా, కాస్త కాఫీ అన్నాడు. నీళ్ళు లేవన్నాను. వెనకున్నవాళ్ళు ఎటు చూడాలో తెలియక ఫ్యాన్ వైపు చూశారు. అతను మాత్రం నవ్వాడు. రేపట్నుంచి మీ లాండ్రీకి రోజుకో ట్యాంకర్ ఫ్రీగా పంపిస్తా, మనం మనం ఒకటి అన్నాడు.

నేను ఆయన మొహం చూశాను. ఆయన నవ్వుతున్నారు.

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ మనిషి కోప్పడగా చూశాను, ఏడవగా చూశాను. అలా నవ్వగా చూడలేదు. పళ్ళు మాత్రమే నవ్వాయి.

మార్చి 7

గొడవ. ఆయన నాకు అర్థమయ్యేలా చెప్పడానికి చాలా ఓపిగ్గా ప్రయత్నించారు. అదే నాకు ఇంకా ఒళ్ళు మండించింది. మనిషి ముఖ్యం కాదట, పార్టీ ముఖ్యమట. పార్టీ గెలిస్తే ట్యాంక్ మళ్ళీ కట్టిస్తారట. ఎవరు కడతారు, ట్యాంకరయ్యేనా అని అడిగాను.

నువ్వు చేతకానివాడివి అనేశాను. మీరు అనలేదు, నువ్వు అన్నాను. ఆయన చెప్పులేసుకుని పార్టీ ఆఫీసుకి వెళ్ళిపోయారు.

అత్తయ్య బట్టలు మడతపెడుతూనే ఉంది. ఈ ఇంట్లో కాలు సరిగ్గా ఉన్నవాళ్ళెవరైనా నిలబడొచ్చుగా అంది.

మొదట నాకు తగల్లేదు. తగిలాక ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాను.

మార్చి 10, రాత్రి

నామినేషన్ వేసొచ్చాను. ఇండిపెండెంట్.

ఆఫీసర్ కాగితాలు తిరగేసి, మీ ఆయన పార్టీ టౌన్ సెక్రటరీ కదా అన్నాడు. అవునన్నాను. ఆయనకి తెలుసా అన్నాడు. టీవీలో చూస్తారులెండి, మేమూ అలాగే తెలుసుకున్నాం అన్నాను.

బయటికొచ్చాక అత్తయ్య సోడా తాగించింది.

ఆయన ముందుగదిలో పడుకున్నారు. ఎందుకు చేశావని కూడా అడగలేదు. అడిగుంటే బాగుండేది. నా దగ్గర గంట సేపు చెప్పడానికి సరిపడా ఉంది.

మార్చి 14

గుర్తులిచ్చారు. నేను ఇస్త్రీపెట్టె అడిగాను, ఇంకెవరో ముందే తీసుకున్నారు. నాకు దువ్వెన వచ్చింది. సగం ఓటర్లకి బట్టతల, ఏం చేసుకుంటారు అంది అత్తయ్య. చాలా రోజుల తర్వాత ఇంట్లో నవ్వు వినబడింది. ముందుగదిలో దగ్గు కూడా. ఆయన నవ్వాపుకున్నారేమో. అయితే నాకేం.

మార్చి 18

ఇవాళ బజార్లో ఎదురయ్యాం.

నేనూ, అత్తయ్యా, మా లాండ్రీ అమ్మాయిలిద్దరూ కరపత్రాలు పంచుతున్నాం. అటునుంచి ట్యాంకరయ్య జీపు. మైకు మా ఆయన చేతిలో. ఎంత మంచి గొంతు అది. పెళ్ళికి ముందు ఆ గొంతు వినే ఒప్పుకున్నాను. ఓట్లు చీల్చడానికి కొందరు ఇండిపెండెంట్లు బయల్దేరారు, వాళ్ళని నమ్మి మోసపోవద్దు అంటున్నారు. నన్ను చూశారు. వాక్యం మధ్యలో ఆగారు. వెనకున్నవాడెవడో భుజం తట్టాడు. మళ్ళీ మొదలుపెట్టారు. మోసపోవద్దు దగ్గర్నుంచే.

జీపు పోయేదాకా రోడ్డు మధ్యలోంచి కదల్లేదు నేను. వాళ్ళే పక్కనుంచి పోనిచ్చారు.

అత్తయ్య కొడుకుని కనేటప్పుడు పడ్డ కష్టమంతా వీధిలో అందరికీ వినబడేలా చెప్పింది.

మార్చి 20

పార్టీ జిల్లా అధ్యక్షుడు కారేసుకుని లాండ్రీకి వచ్చాడు. తెల్లచొక్కా. ఉతికేది మేమే, కాలర్ గుర్తుపట్టాను.

రాష్ట్రమంతా మ్యాప్ గీసినట్టు చెప్పాడు. పై జిల్లాల్లో మనమేనట, కింది జిల్లాల్లో వాళ్ళేనట, మధ్యలో మా జిల్లా త్రాసు ముల్లులా ఊగుతోందట. ఇక్కడ ఒక్క సీటు పోయినా ప్రభుత్వం పోతుందట. నీ పట్టుదల వల్ల రాష్ట్రం నష్టపోవాలా తల్లీ అన్నాడు. విత్‌డ్రా టైమ్ అయిపోయినా పర్లేదు, ట్యాంకరయ్యకి మద్దతని ఒక్క ప్రకటన చాలట. వచ్చే ఏడాది మున్సిపాలిటీలో మంచి పదవి చూస్తాడట.

మా ఆయన కాలికి కూడా మీరే పదవి చూస్తామన్నారు అన్నాను.

అతను నిట్టూర్చాడు. ఎలక్షన్లు కాళ్ళూ చేతులూ చూసి జరగవమ్మా, గెలిచే గుర్రాన్ని చూసి జరుగుతాయి అన్నాడు. కోపంగా కాదు, చిన్నపిల్లకి లెక్క చెప్పినట్టు.

అతని బట్టలు ఉతక్కుండానే మూటగట్టి కారులో పెట్టించాను.

మార్చి 23

మా పేటకి ట్యాంకర్లు ఆగిపోయాయి. పక్క పేటలకి వెళ్తున్నాయి, మాకు లేదు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, చెప్పక్కర్లేదు.

లాండ్రీ మూసేశాను.

మార్చి 25

పొద్దున తలుపు తీసేసరికి ఆడవాళ్ళు. ఖాళీ బిందెలు. అందరికంటే ముందు పాల బూత్ ఆవిడ. నేను పోటీ చేస్తున్నది వీళ్ళ నీళ్ళ కోసమే అనుకున్నాను. పాల బూత్ ఆవిడ, నీ మొగుడూ నువ్వూ తన్నుకోవడానికి మా గొంతులెండాలా అంది. నీళ్ళ డబ్బా ఖాళీ, పసిబిడ్డకి స్నానం లేదు అంది ఇంకొకామె. నీళ్ళు ఆపింది ఎవరు అని అరిచాను. ఎవరైతేనేం, ఆపించింది నువ్వు అన్నారు.

నాకు ట్యాంకరయ్య మీద కన్నా వీళ్ళ మీదే ఎక్కువ కోపం వచ్చింది. రాసుకోవడానికి సిగ్గుగా ఉంది. కానీ వచ్చింది. తన్నేవాడి కాళ్ళు వదిలేసి, అడ్డుపడ్డదాని జుట్టు పట్టుకుంటారే.

సాయంత్రం ఆయన స్కూటర్ మీద రెండు నీళ్ళ క్యాన్లు తెచ్చారు. పార్టీ ఆఫీసులోవి. వంటింట్లో పెట్టి, అమ్మకి మందులేసుకోవడానికైనా ఉండాలిగా అన్నారు. గొంతు మెత్తగా ఉంది. అలాంటి మెత్తదనమే నేను భరించలేను. రెండు క్యాన్లూ ఈడ్చుకుంటూ వెళ్ళి పాల బూత్ ఆవిడ గడపలో దింపాను. ఆవిడ థాంక్స్ చెప్పలేదు. నేను ఎదురుచూడలేదు.

తిరిగొచ్చేసరికి ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఏదో అనబోయారు. వినకుండా లోపలికి పోయాను.

మార్చి 30

ట్యాంకర్లు మళ్ళీ వస్తున్నాయి. ఫ్రీ. ముందు ట్యాంకరయ్య బొమ్మ, వెనక ట్యాంకరయ్య బొమ్మ. జనం బిందెలతో వరస కట్టి దండాలు పెడుతున్నారు.

ఏప్రిల్ 1

పోలింగ్.

మా బూత్ స్కూల్లో, చిన్నపిల్లల క్లాసులో. పొట్టి బెంచీల మీద ఏజెంట్లు మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. ట్యాంకరయ్య తరఫు ఏజెంట్ మా ఆయన. విరిగిన కాలు ముందుకు చాపుకుని ఉన్నారు.

ఆఫీసర్ నా పేరు చదివాడు. ఎవరికైనా అభ్యంతరమా అని ఏజెంట్లని అడిగాడు. అవతలి పార్టీవాడు వేళాకోళంగా, సెక్రటరీ గారూ, సరిగ్గా చూసి చెప్పండి, మీకు తెలిసినావిడేనా అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. ఆయన తలెత్తలేదు. తెలుసు, ఈవిడే అన్నారు. చాలా మెల్లగా.

వేలికి సిరా పూస్తున్నంతసేపూ గోడ మీది అక్షరాల చార్టు వైపే చూశాను. కోపానికే. మరిదేనికీ కాదు.

నా తర్వాత అత్తయ్య. ఆవిడ ఆయన ముందు ఆగి, బాబూ నువ్వెవరివి, ఎక్కడో చూసినట్టుంది అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఏప్రిల్ 4

ట్యాంకరయ్య గెలిచాడు. గట్టిగానే గెలిచాడు. నాకు డిపాజిట్ దక్కలేదు. మా పేట బూత్‌లో కూడా అతనిదే మెజారిటీ.

టీవీలో జిల్లాలకి రంగులు పూస్తున్నారు. అన్నీ కలిపితే సరిగ్గా చెరి సగం దగ్గర ఆగింది.

బయట టపాసులు. ఆయన అక్కడే ఉన్నారట. నా తలుపు నేను వేసుకున్నాను.

ఏప్రిల్ 5, సాయంత్రం

ట్యాంకరయ్య మళ్ళీ దూకాడు. పాత పార్టీకే. అటువైపు వాళ్ళకి ఒకరిద్దరు తక్కువయ్యారు, ఈయన ఆ లోటు తీర్చాడు. మంత్రి పదవంటున్నారు. నీళ్ళ శాఖే ఇస్తారేమో.

మేం ముగ్గురం మళ్ళీ అదే టీవీ ముందు. ఆయన రిమోట్ కోసం చెయ్యి చాపి, తీసుకోకుండా ఆగిపోయారు. పైవాళ్ళు ఏదో ఆలోచించే చేసుంటారు నాయనా అంది అత్తయ్య. అంత కఠినంగా ఆవిడ మాట్లాడగా ఎప్పుడూ వినలేదు. ఆయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు.

ఈ రోజు కోసమే ఎదురుచూశాను. ఉతికి ఆరేద్దామని మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. పెరటి గుమ్మం దాకా వెళ్ళాను. ఆయన గోడ పట్టుకుని ఉన్నారు, అక్కడ మెట్లు కూడా లేవు. అక్కణ్ణుంచే వెనక్కొచ్చేశాను. కోపం మాత్రం తగ్గలేదు. దించుకునే చోటు దొరకలేదంతే.

ఏప్రిల్ 9

ట్యాంకర్లు రావడం మానేశాయి. ఇక ఫ్రీ మాట దేవుడెరుగు, కొనుక్కుందామన్నా రావట్లేదు.

పాల బూత్ ఆవిడ మూసి ఉన్న లాండ్రీకే వచ్చింది. కూర్చోమనలేదు. నిలబడే మాట్లాడింది. మున్సిపల్ ఆఫీసుకి పోయి అడగాలట, నన్ను రమ్మంది. ఓడిపోయినదాన్ని నేనెందుకు, గెలిచినాయన దగ్గరికి పొమ్మన్నాను. ఆయన దొరికితే నీ దగ్గరికెందుకొస్తాం అంది. క్షమించమని అడగలేదు. ముక్కుసూటిగా అలా అనడమే నాకు నచ్చింది.

వెళ్ళాం. మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. కదల్లేదు. ఇంజనీర్ చివరికి బయటికొచ్చి, పగిలిన ట్యాంక్ చూడ్డానికి సోమవారం వస్తానన్నాడు. వస్తాడని నేననుకోను. రాకపోతే ఎక్కడుంటాడో కనుక్కున్నాం.

ఏప్రిల్ 14

ఇంజనీర్ రాలేదు. అతని ఇంటికెళ్ళాం. వచ్చాడు. ట్యాంక్ కింద నిలబడి పైకి చూసి, కట్టిన పద్ధతే తప్పని అందరి ముందూ ఒప్పుకున్నాడు. ఇంకా ఏమీ జరగలేదు. కానీ ఒప్పుకున్నాడు.

లాండ్రీ షట్టర్ మళ్ళీ ఎత్తాను. బట్టల్లేవు. మనుషులొస్తున్నారు. వీధి దీపం, డ్రైనేజీ, పింఛను. బల్ల మీద ఇస్త్రీ చెయ్యాల్సిన చోట అర్జీలు రాస్తున్నాను.

ఏప్రిల్ 17

ఇవాళ ఆయన కూడా వచ్చారు. ముందువాకిలి నుంచి, అందరిలాగే. గోడ పట్టుకుని మెట్లెక్కారు. ఏం పని అని అడిగాను. మా వీధికి నీళ్ళు రావట్లేదండీ అన్నారు.

మీ ముందు ఇద్దరున్నారు, కూర్చోండి అన్నాను.

కూర్చున్నారు.